టెర్మినల్లో పాస్‌వర్డ్‌కు స్టార్లు: పైథాన్ 3.14 గెట్‌పాస్ ఎంతవరకు పనికొస్తుంది?

కమాండ్‌లైన్ ప్రోగ్రామ్ పాస్‌వర్డ్ అడిగి ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతే కొత్తవాళ్లు ముందు కీబోర్డును అనుమానిస్తారు, తర్వాత ప్రోగ్రామ్ ఇరుక్కుపోయిందనుకుంటారు. యూనిక్స్ వాడకంలో ముదిరినవాళ్లకు ఈ మౌనం అలవాటే. పైథాన్‌లో పాస్‌వర్డ్ చదివే గెట్‌పాస్ మాడ్యూల్ కూడా ఇన్నాళ్లూ అదే దారిలో నడిచింది. 2025 అక్టోబరులో విడుదలైన 3.14లో మాత్రం ఎకో_చార్ అనే ఆర్గ్యుమెంట్ ఒకటి కొత్తగా చేరింది. దానికి '*' ఇస్తే కొట్టిన ప్రతి అక్షరానికీ తెర మీద ఒక స్టార్ పడుతుంది. తీర్పు ముందే చెప్పేస్తే: స్టార్లు చక్కగానే పడతాయి, కానీ వాటికి బదులుగా లైన్‌ను దిద్దుకునే వెసులుబాటు పోతుంది. ఈ బేరం కొన్ని ప్రోగ్రాములకు గిట్టుతుంది, కొన్నింటికి గిట్టదు.

వాడే పద్ధతి తేలికే. గెట్‌పాస్ ఫంక్షన్‌కు మొదట ప్రాంప్ట్ ఇచ్చి, తర్వాత ఎకో_చార్="*" అని పేరుతో సహా రాయాలి. పేరు లేకుండా వరుసలో ఇస్తే కుదరదు. ఏమీ ఇవ్వకపోతే దాని విలువ నన్, అంటే పాత మౌనమే. కాబట్టి ఇప్పటికే ఉన్న కోడ్‌లో ఏ తేడా రాదు. ఇచ్చే గుర్తు అచ్చులో కనిపించే ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులుండే పాత సంకేతాల పట్టిక) అక్షరం ఒక్కటే అయి ఉండాలి. '*', '#', '-' సరే. వెబ్ పేజీల్లో కనిపించే గుండ్రటి నల్ల చుక్క ఆస్కీలో లేదు, దాన్ని ఇస్తే వాల్యూఎర్రర్ వస్తుంది. ఒక చిన్న కిటుకు: ఖాళీ, అంటే స్పేస్ కూడా పైథాన్ లెక్కలో అచ్చయ్యే ఆస్కీ అక్షరమే. ఎకో_చార్‌కు స్పేస్ ఇస్తే గుర్తులేమీ కనపడవు గానీ కీ నొక్కిన ప్రతిసారీ కర్సర్ ముందుకు జరుగుతుంది. కీబోర్డు పనిచేస్తోందని వాడేవాళ్లకు తెలుస్తుంది, లెక్కపెట్టడానికి వరసగా స్టార్లూ ఉండవు.

3.13, అంతకు ముందు వెర్షన్లలో ఇదే పిలుపు టైప్ఎర్రర్‌తో ఆగిపోతుంది. మీ ప్రోగ్రామ్ పాత వెర్షన్ల మీద కూడా నడవాలంటే సిస్ మాడ్యూల్లోని వెర్షన్_ఇన్ఫో విలువను (3, 14)తో పోల్చి, సమానమో ఎక్కువో అయితేనే ఈ ఆర్గ్యుమెంట్ చేర్చండి. పాతవాటి మీద మౌనంగా అడిగితే సరిపోతుంది. అక్కడ కూడా స్టార్లు కావాల్సిందే అంటే పీడబ్ల్యూఇన్‌పుట్ అనే బయటి ప్యాకేజీ ఉంది. కానీ పాస్‌వర్డ్ చదివే చోట బయటి ప్యాకేజీ పెట్టడం అంటే నమ్మాల్సిన కోడ్ మరికొంత పెరగడమే. స్టార్ల కోసమే అయితే అంత అవసరం లేదు.

ఇక అసలు పేచీ. టెర్మినల్ మామూలుగా కానానికల్ మోడ్‌లో ఉంటుంది. అంటే మీరు కొట్టే అక్షరాలు నేరుగా ప్రోగ్రామ్‌కు చేరవు. కెర్నెల్లోని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని టెర్మినల్ డ్రైవర్ వాటిని ఒక లైనుగా పోగు చేస్తుంది. బ్యాక్‌స్పేస్ కొడితే చివరి అక్షరం, కంట్రోల్+డబ్ల్యూ కొడితే చివరి పదం, కంట్రోల్+యు కొడితే లైను మొత్తం తుడిచేది ఆ డ్రైవరే. ఎంటర్ కొట్టాకే లైను ప్రోగ్రామ్ చేతికొస్తుంది. మౌన పద్ధతిలో గెట్‌పాస్ చేసేది ఎకో అనే ఒక్క జెండాను, అంటే కొట్టినదాన్ని తెర మీద చూపే అమరికను దించడం. దిద్దుకునే పనంతా డ్రైవర్ దగ్గరే ఉండిపోతుంది. స్టార్లు గీయాలంటే అది చాలదు. ఎంటర్ వరకూ ఒక్క అక్షరమూ చేతికి రాని ప్రోగ్రామ్ ఎన్ని స్టార్లు గీయాలో ఎలా తెలుసుకుంటుంది? అందుకే ఎకో_చార్ ఇచ్చినప్పుడు గెట్‌పాస్ కానానికల్ మోడ్‌ను నిలిపే ఐకానన్ జెండాను కూడా దించుతుంది. ఆ క్షణం నుంచి ప్రతి కీ నేరుగా పైథాన్‌కు వస్తుంది, దిద్దుబాట్ల బాధ్యత కూడా పైథాన్ మీదే పడుతుంది.

ఆ బాధ్యతను 3.14 సగమే మోసింది. ఎంటర్ తెలుసు, బ్యాక్‌స్పేస్ తెలుసు, కంట్రోల్+సి కొడితే కీబోర్డ్‌ఇంటరప్ట్ వస్తుంది. కంట్రోల్+యు మాత్రం దానికి మామూలు అక్షరమే. ఆస్కీలో 21వ నంబరు అక్షరం పాస్‌వర్డ్ చివర చేరిపోతుంది, తెర మీద ఇంకో స్టార్ పడుతుంది. అధికారిక డాక్యుమెంటేషన్ ఈ సంగతి దాచలేదు. కంట్రోల్+యు లాంటి షార్ట్‌కట్లు పనిచేయవని, అనుకోని అక్షరాలు చేరవచ్చని స్పష్టంగానే రాశారు. అయినా ప్రోగ్రామ్ వాడేవాళ్లు పైథాన్ డాక్యుమెంటేషన్ చదవరు కదా. సగం కొట్టాక తప్పు అనిపించి, అలవాటుగా కంట్రోల్+యు నొక్కి, మొదటినుంచి కొట్టి ఎంటర్ నొక్కుతారు. పాస్‌వర్డ్ తప్పు అని వస్తుంది. మళ్లీ అదే చేస్తారు. కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత ఖాతాకు తాళం పడే సేవలకు ఇది చిన్న విషయం కాదు. కాబట్టి ఎకో_చార్ వాడితే, వచ్చిన పాస్‌వర్డ్‌లో 32 కన్నా తక్కువ నంబరున్న కంట్రోల్ అక్షరం ఏదైనా ఉందేమో చూసి, ఉంటే సర్వర్‌కు పంపకుండా అక్కడికక్కడే మళ్లీ అడగండి. ఒక్క ఇఫ్‌తో పోయే తలనొప్పి ఇది.

బాణం కీల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. లినక్స్‌లో ఎడమ బాణం నొక్కితే టెర్మినల్ పంపేది ఎస్కేప్, చదరపు బ్రాకెట్, డి అనే మూడు అక్షరాలు. కెర్నెల్ డ్రైవర్‌కు బాణాల గురించి ఏమీ తెలియదు కాబట్టి మౌన పద్ధతిలోనూ ఆ మూడూ పాస్‌వర్డ్‌లో చేరతాయి, చడీచప్పుడూ లేకుండా. స్టార్లు ఉంటే ఒక్క బాణానికి మూడు స్టార్లు టపటపా పడతాయి, ఏదో తేడా జరిగిందని కన్ను పట్టేస్తుంది. విండోస్‌లో గెట్‌పాస్ వేరే దారిలో, ఎంఎస్‌వీసీఆర్‌టీ అనే మాడ్యూల్ ద్వారా ఒక్కో అక్షరం చదువుతుంది. అక్కడ బాణం కీ రెండు అక్షరాలుగా వస్తుంది, కాబట్టి రెండు స్టార్లు.

అతికించడంలో స్టార్ల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి 30 అక్షరాలు కాపీ చేసి మౌన ప్రాంప్ట్‌లో అతికిస్తే, అవి పడ్డాయో లేదో ఎంటర్ కొట్టేదాకా తెలియదు. విండోస్ పాత కన్సోల్లో కంట్రోల్+వి కొడితే గెట్‌పాస్‌కు క్లిప్‌బోర్డులోది రాదు, ఆ కంట్రోల్ అక్షరం ఒక్కటే వస్తుంది. స్టార్లు పెట్టుకుంటే ఒకే ఒక్క స్టార్ కనిపిస్తుంది, రోగం అక్కడే దొరికిపోతుంది. మౌస్ కుడి బటన్‌తో అతికిస్తే మొత్తం వస్తుంది. విండోస్ టెర్మినల్లో ఈ బెడద లేదు, అక్కడ కంట్రోల్+విని టెర్మినలే అందుకుని అతికిస్తుంది.

చెరపడం దగ్గర ఒక లోపం ఉంది. బ్యాక్‌స్పేస్ కొట్టినప్పుడు ఒక అడుగు వెనక్కి జరిగి, ఖాళీ రాసి, మళ్లీ ఒక అడుగు వెనక్కి రావడమే స్టార్‌ను చెరిపే పద్ధతి. ఈ పద్ధతి ఒకే వరుసలో ఉన్నంతసేపే పనిచేస్తుంది. ప్రాంప్ట్ పొడవుగా ఉండి, పాస్‌ఫ్రేజ్ కూడా పొడవైతే స్టార్లు తెర అంచు దాటి కింది వరుసలోకి దిగుతాయి. చాలా టెర్మినళ్లలో కర్సర్ వెనక్కి నడిచి పై వరుసకు ఎక్కలేదు. పాస్‌వర్డ్‌లోంచి అక్షరాలు పోతూనే ఉంటాయి గానీ పై వరుసలోని స్టార్లు అలాగే మిగిలిపోతాయి. ప్రాంప్ట్‌ను పొట్టిగా ఉంచండి. వివరణ ఏదైనా ఉంటే ముందు వరుసలో వేరుగా ముద్రించి, గెట్‌పాస్‌కు రెండు మాటల ప్రాంప్టే ఇవ్వండి.

పాస్‌వర్డ్‌లో తెలుగు అక్షరాలు వాడేవాళ్లు ఒకటి గమనించాలి. స్టార్ పడేది కంటికి కనిపించే అక్షరానికి కాదు, యూనికోడ్ సంకేతానికి. 'క్షి' అన్న ఒక్క అక్షరంలో క, పొల్లు, ష, గుడి కలిపి నాలుగు సంకేతాలు ఉన్నాయి, నాలుగు స్టార్లు పడతాయి. బ్యాక్‌స్పేస్ కూడా ఒక్కో సంకేతాన్నే తీసేస్తుంది.

ఎంటర్ కొట్టాక స్టార్లు ఏమవుతాయి? పైథాన్ వాటిని అలాగే వదిలేస్తుంది. అవి టెర్మినల్ వెనకటి పుటల్లో, స్క్రీన్ రికార్డింగులో, స్క్రిప్ట్ కమాండ్‌తో తీసిన లాగ్‌లో ఉండిపోతాయి. పాస్‌వర్డ్ పొడవు బయటపడుతుందన్న పాత అభ్యంతరానికి బలం ఇక్కడే ఉంది. ఆ అభ్యంతరాన్ని కొంచెం లెక్కేసి చూడాలి. కీబోర్డులో కొట్టగలిగే 94 గుర్తులతో యాదృచ్ఛికంగా చేసిన 12 అక్షరాల పాస్‌వర్డ్ అనుకోండి. పొడవు తెలియనివాడు 1 నుంచి 11 అక్షరాల వరకు అన్నీ ప్రయత్నించి 12కు వస్తాడు. పొడవు తెలిసినవాడికి ఆదా అయ్యేది ఆ చిన్నవాటి శ్రమ, అది మొత్తంలో సుమారు ఒక శాతమే. అంటే గట్టి పాస్‌వర్డ్‌కు పొడవు తెలిసినా పెద్ద నష్టం లేదు. నష్టమంతా పొట్టి పాస్‌వర్డ్‌కే, ఎందుకంటే ఆరు స్టార్లు చూసినవాడికి ఏ ఖాతా మీద పడాలో తెలిసిపోతుంది. నలుగురికీ తెర చూపిస్తూ పనిచేసే చోట, డెమో రికార్డు చేసే చోట స్టార్లు ఆపేయడమే మేలు. ఒంటరిగా కూర్చుని వాడే టూల్‌కు ఈ భయం అతి.

మౌనం కూడా పూర్తి రహస్యమేమీ కాదు. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా (దూరపు యంత్రంలోకి గుప్తంగా లాగిన్ అయ్యే పద్ధతి) అక్కడి సుడోకు, అంటే నిర్వాహకుడి అధికారంతో కమాండ్ నడిపే ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ కొడుతుంటే ఒక్కో కీకి ఒక్కో ప్యాకెట్ వెళుతుంది. లోపలిది చదవలేకపోయినా, ఎన్ని ప్యాకెట్లు ఎంత ఎడంతో వెళ్లాయో నెట్‌వర్క్ మీద కాపు కాసినవాడు చూడగలడు. ఈ దాడిని 2001లోనే పరిశోధకులు వివరించారు. 2023 అక్టోబరులో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.5 నుంచి క్లయింటు కీ ప్యాకెట్లను 20 మిల్లీసెకన్ల లయలో పంపుతూ, మధ్యలో దొంగ ప్యాకెట్లు కలుపుతుంది.

పోలికకు సుడోను తీసుకుందాం. అక్కడ ఈ సౌకర్యం పీడబ్ల్యూఫీడ్‌బ్యాక్ పేరుతో ఎప్పటినుంచో ఉంది. వైసుడో కమాండ్‌తో సుడోయర్స్ ఫైలు తెరిచి, 'డిఫాల్ట్స్' అన్న పదం పక్కన ఈ పేరు చేర్చాలి. మామూలు ఎడిటర్‌తో తెరవద్దు, వ్యాకరణం తప్పితే సుడోయే పనిచేయకుండా పోతుంది, వైసుడో అయితే భద్రపరిచే ముందే పట్టుకుంటుంది. సుడోయర్స్.డి ఫోల్డర్లో వేరే ఫైలుగా పెడితే ఆ ఫైలు పేరులో చుక్క ఉండకూడదు, ఉంటే సుడో దాన్ని చదవకుండా దాటేస్తుంది. 'పెట్టాను, పనిచేయడం లేదు' అనే ఫిర్యాదుల్లో చూడాల్సిన మొదటి చోటు అదే. సరిచూడటానికి సుడో -కె కొట్టి గుర్తుంచుకున్న అనుమతిని చెరిపి, మళ్లీ ఏదైనా సుడో కమాండ్ ఇవ్వండి. సుడోలో కంట్రోల్+యు పనిచేస్తుంది, స్టార్లన్నీ తుడిచిపెడుతుంది. ఎంటర్ కొట్టాక కూడా స్టార్లను చెరిపేస్తుంది. పనితనంలో పైథాన్ కన్నా ఇది ఒక మెట్టు పైన.

ఆ మెట్టుకు సుడో పెద్ద మూల్యమే చెల్లించింది. 2020 జనవరి చివర్లో బయటపడ్డ సీవీఈ-2019-18634 (సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే నమోదు సంఖ్య) లోపం సరిగ్గా ఆ తుడిచే కోడ్‌లోనే ఉంది. స్టార్లను చెరుపుతుండగా రాయడం విఫలమైతే, బఫర్లో, అంటే పాస్‌వర్డ్‌ను తాత్కాలికంగా ఉంచే మెమరీలో మిగిలిన చోటు లెక్క మొదటికి వచ్చేది గానీ, ఎక్కడ రాయాలో చూపే గుర్తు మొదటికి వచ్చేది కాదు. దాంతో బఫర్ దాటి రాయడం సాధ్యమైంది. పైగా ఇన్‌పుట్ టెర్మినల్ నుంచి రాకపోయినా పీడబ్ల్యూఫీడ్‌బ్యాక్ అమలయ్యేది, కాబట్టి పైపు (ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్‌ను ఇంకోదానికి అందించే దారి) ద్వారా దాడి కుదిరింది. సుడో అనుమతి లేని వాడుకరి కూడా ఈ పని చేయగలిగేవాడు. అసలు సుడోలో ఈ ఐచ్ఛికం మొదటినుంచీ ఆపి ఉండేది, కానీ లినక్స్ మింట్, ఎలిమెంటరీ ఓఎస్ దాన్ని ముందే వేసి ఇచ్చేవి. 1.8.31లో సరిచేశారు. సుడో వెర్షన్ అంతకన్నా పాతదైతే పీడబ్ల్యూఫీడ్‌బ్యాక్ జోలికి పోవద్దు.

రస్ట్‌లో తిరగరాసిన సుడో-ఆర్‌ఎస్‌లో ఇంకో రకం పొరపాటు దొరికింది. పాస్‌వర్డ్ సగం కొట్టి ఎంటర్ నొక్కకుండా వదిలేస్తే, గడువు తీరి ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు అప్పటివరకూ కొట్టిన అక్షరాలు టెర్మినల్లో బహిరంగంగా కనిపించేవి. ఇది సీవీఈ-2025-64170, సరిచేసింది 0.2.10లో. మౌన పద్ధతికే ఈ ప్రమాదం ఎందుకంటే, ఎంటర్ కొట్టని లైను డ్రైవర్ దగ్గరే ఉండిపోతుంది, ఎకో తిరిగి వేశాక అది బయటికొస్తుంది. సొంతంగా గడువు పెట్టి పాస్‌వర్డ్ చదివే కోడ్ రాసేవాళ్లు టెర్మినల్‌ను పాత స్థితికి తెచ్చేటప్పుడు టీసీఎస్ఏఫ్లష్ వాడాలి, అది చదవకుండా మిగిలిన అక్షరాలను పారేస్తుంది. పైథాన్ గెట్‌పాస్ ఆ పని ఎప్పటినుంచో చేస్తోంది, ఇక్కడ దానికి మార్కు ఇవ్వాల్సిందే.

లినక్స్ షెల్ అయిన బాష్ స్క్రిప్టుల్లో సంగతి మొరటుగా ఉంటుంది. రీడ్ కమాండ్‌కు -ఎస్ ఇస్తే మౌనం, స్టార్లకు ఐచ్ఛికమే లేదు. అందరూ రాసేది ఒక్కో అక్షరం చదివే లూపు, అంటే రీడ్‌కు -ఆర్ -ఎస్ -ఎన్1 ఇచ్చి, ప్రతి చుట్టులో ఒక స్టార్ ముద్రించడం. ఇందులో జారిపడే చోట్లు చాలా ఉన్నాయి. రీడ్ ముందు ఐఎఫ్ఎస్‌ను (పదాలను విడదీసే గుర్తులుండే వేరియబుల్) ఖాళీ చేయకపోతే పాస్‌వర్డ్‌లోని స్పేస్ మాయమై, లూపు దాన్ని ఎంటర్ అనుకుంటుంది. -ఆర్ మరిస్తే బ్యాక్‌స్లాష్ పోతుంది. స్టార్లను స్టాండర్డ్ ఎర్రర్‌కు పంపాలి. ఫంక్షన్ ఫలితాన్ని వేరియబుల్లోకి పట్టుకునేటప్పుడు స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు వెళ్లిన స్టార్లు పాస్‌వర్డ్‌తో కలిసిపోతాయి. అన్నిటికన్నా చెడ్డది ఒకటుంది: రీడ్ -ఎస్ ప్రతి పిలుపుకీ ఎకోను దించి, అయిపోగానే మళ్లీ ఎత్తుతుంది. పాస్‌వర్డ్ అతికించినప్పుడు అక్షరాలు వరదలా వస్తాయి, రెండు పిలుపుల మధ్య సందులో వచ్చినవి తెర మీద ఉన్నవి ఉన్నట్టు పడతాయి. లూపుకు ముందే ఎస్‌టీటీవై -జితో ప్రస్తుత స్థితి దాచుకుని, -ఎకో, -ఐకానన్ రెండూ వేసి, ట్రాప్‌తో ఎగ్జిట్, ఇంట్, టెర్మ్ మూడింటికీ పాత స్థితి తిరిగొచ్చేలా కట్టాలి. ఇన్ని జాగ్రత్తలు పడలేకపోతే బాష్‌లో మౌనంగా అడగడమే గౌరవం.

బూట్‌ను, సేవలను నడిపే సిస్టమ్‌డీ ఉన్న లినక్స్‌లో స్క్రిప్టులకు ఇంతకన్నా మంచి దారి సిస్టమ్‌డీ-ఆస్క్-పాస్‌వర్డ్. డిస్క్ ఎన్‌క్రిప్షన్ పాస్‌ఫ్రేజ్‌ను బూట్‌లో అడిగేది ఈ యంత్రాంగమే. స్టార్లు దానంతటదే చూపిస్తుంది, ట్యాబ్ నొక్కితే ఆపేస్తుంది. మొదటి కీగా బ్యాక్‌స్పేస్ కొట్టినా అంతే. స్టార్లు కావాలా వద్దా అన్న నిర్ణయాన్ని ప్రోగ్రామ్ రాసినవాళ్ల దగ్గర కాకుండా, తెర ముందు కూర్చున్న మనిషి దగ్గర ఉంచింది. ఈ మొత్తం జాబితాలో సరైన ఆలోచన ఇదే అనిపిస్తుంది. కంట్రోల్+యు కూడా పనిచేస్తుంది. మామూలుగా 90 సెకన్ల గడువు ఉంటుంది, స్క్రిప్టులో ఆ సంగతి మరవకండి.

మైక్రోసాఫ్ట్ షెల్ అయిన పవర్‌షెల్‌లో రీడ్-హోస్ట్‌కు -యాజ్‌సెక్యూర్‌స్ట్రింగ్ ఇస్తే స్టార్లు వస్తాయి గానీ చేతికొచ్చేది మామూలు స్ట్రింగ్ కాదు. స్ట్రింగే కావాలంటే 7.1 నుంచి -మాస్క్‌ఇన్‌పుట్ ఉంది.

పైథాన్‌లోనే ఉండి దిద్దుబాట్లు కూడా కావాలంటే ప్రాంప్ట్_టూల్‌కిట్ లైబ్రరీ మేలు. ఈజ్_పాస్‌వర్డ్ ట్రూ అని ఇస్తే స్టార్లు చూపిస్తూనే బాణాలు, కంట్రోల్+యు, కంట్రోల్+డబ్ల్యూ అన్నీ సరిగ్గా నడుపుతుంది. ఇంటరాక్టివ్ టూల్ కోసం ఇప్పటికే అది వాడుతుంటే గెట్‌పాస్ అక్కర్లేదు. పాస్‌వర్డ్ ఒక్కదాని కోసం దాన్ని తెచ్చిపెట్టుకోవడం మాత్రం దండగ.

ఎకో_చార్ పెట్టాలనుకుంటే చివరి రెండు జాగ్రత్తలు. గెట్‌పాస్ స్టాండర్డ్ ఇన్‌పుట్ నుంచి కాకుండా నేరుగా టెర్మినల్ పరికరం తెరిచి చదువుతుంది, కాబట్టి పైపు ద్వారా పాస్‌వర్డ్ పంపితే అందదు. ఆటోమేషన్‌కు వేరే దారి ఉంచండి. టెర్మినల్ అసలు లేని కంటైనర్లలో గెట్‌పాస్‌వార్నింగ్ అనే హెచ్చరిక ఇచ్చి మామూలు పద్ధతిలో చదవడానికి దిగుతుంది, అంటే పాస్‌వర్డ్ లాగ్‌లో కనిపించే అవకాశం ఉంది. వార్నింగ్స్ మాడ్యూల్లో సింపుల్‌ఫిల్టర్‌కు 'ఎర్రర్', ఆ హెచ్చరిక పేరు ఇచ్చి, దాన్ని ఎర్రర్‌గా మార్చి ప్రోగ్రామ్ ఆగిపోయేలా చేయండి. రెండోది: పాస్‌వర్డ్ అడుగుతుండగా ఎవరైనా కిల్ -9తో ప్రోగ్రామ్‌ను బలవంతంగా ఆపేస్తే టెర్మినల్‌ను సరిచేసే అవకాశం పైథాన్‌కు ఉండదు. షెల్ తనంతట తాను సరిచేయకపోతే ఏం కొట్టినా కనపడదు. అప్పుడు కనపడకపోయినా ఎస్‌టీటీవై సేన్ అని కొట్టి ఎంటర్ నొక్కండి, అక్షరాలు తిరిగొస్తాయి.